మా అక్క నోటుబుక్కు, నా నోటుబుక్కు

ఫిబ్రవరిలో మా చిన్నాన్న మనవరాలి పెళ్ళికి ఒంగోలు వెళ్ళాను. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "వందనాలమ్మా. మొన్న కూటంలో నువ్వు చేసిన ప్రార్థనకి నాకు కళ్ళనీళ్ళు ఆగలా" అంది. నేను కూటాలకి వెళ్ళి ముప్ఫై ఏళ్ళు దాటింది. "ఆమె మా అక్కండి" అన్నాను. అప్పుడు చూసింది నా మెడలో గొలుసు, నుదుట బొట్టు. చేతులు మెల్లిగా వదిలేసింది.

"ఒక్క కడుపున ఒక్కసారే పుట్టారు గదమ్మా. ఆ పిల్లకి అంత భక్తి ఇచ్చిన దేవుడు నీకెందుకు ఇయ్యలా?"

మేం కవలలం. అక్క నాకంటే పదకొండు నిమిషాలు పెద్ద. ఒకే పిండం రెండుగా చీలి పుట్టినవాళ్ళం కాబట్టి జన్యువుల లెక్కలో ఇద్దరం ఒకటే. చిన్నప్పుడు మా అమ్మ కూడా వెనక నుంచి చూస్తే పొరబడేది. నేను ఇరవై ఏళ్ళ పైగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తున్నాను, అనువంశికత పాఠం నోటికొచ్చు. అయినా ఆ పెద్దావిడకి జవాబు చెప్పలేక, "కూర వేయించుకోండి, చల్లారిపోతుంది" అని తప్పించుకున్నాను. ఈ పోస్టు ఆమెకి చెప్పాల్సిన జవాబు అనుకోండి. ఆమె చదవదు, అది వేరే సంగతి.

మా ఇంటి దేవుడు మారిన తేదీ మాకు తెలుసు. చాలా ఇళ్ళలో ఇట్లా తేదీతో సహా తెలియదు. 1878 జులై 3. ఒంగోలు దగ్గర వెల్లంపల్లి రేవులో, గుండ్లకమ్మ ఏట్లో ఆ ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు వంతులేసుకుని, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి, పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండకి కాసేపు ఆపి, సాయంత్రానికి పూర్తి చేశారు. మా తాతకు తాత ఆ వరసలో నిలబడ్డాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన అన్న మాత్రం నిలబడలేదు. అన్న వంశం ఇప్పటికీ మా ఊళ్ళో అంకమ్మకి కొలుపులు చేస్తుంది. వాళ్ళ సంగతి తర్వాత చెప్తాను.

ఎందుకు నిలబడ్డాడు? మా నాయనమ్మ చెప్పేది: "ప్రభువు పిలిచాడు, పోయాడు." మా నాన్న రైల్వేలో పనిచేసినవాడు, లెక్క మనిషి. ఆయన నవ్వి, "ప్రభువు కంటే ముందు కాలువ మేస్త్రి పిలిచాడులే అమ్మా" అనేవాడు. 1876 నుంచి రెండేళ్ళు వానల్లేవు. జనం ఆకులూ దుంపలూ తిన్నారు. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌకి సర్వే పని తెలుసు. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, కరువు జనానికి కూలి ఇచ్చాడు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మా మాదిగలే. పనిలో కులం పేరు పెట్టి తిట్టనిది, సాయంత్రానికి కూలి డబ్బు చేతిలో పెట్టేదీ అదే మొదటిసారి అయ్యుంటుందని మా నాన్న అనేవాడు. ఆ మాటకి రుజువు లేదు గానీ, నాకూ అలాగే అనిపిస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. కరువు సాయం నడిచినన్నాళ్ళూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా ఆపాడు. సాయం ఆగాకే ఇచ్చాడు. అయినా జనం వచ్చారు. కాబట్టి "బియ్యానికి మారారు" అని ఫేస్‌బుక్కులో తీర్పులు చెప్పేవాళ్ళు, రెండేళ్ళు పస్తులుండి చూసి, అప్పుడు రాస్తే బావుంటుంది.

ఏదేమైనా మా మతం మా రక్తంలోంచి రాలేదు. వాన పడకపోవడం వల్ల, ఒక కాలువ వల్ల, ఊళ్ళో మమ్మల్ని ఎక్కడ నిలబెట్టారో దాని వల్ల వచ్చింది. ఆ తర్వాత నాలుగు తరాలు పుట్టుకతో వచ్చింది. పుట్టుకతో వచ్చింది అంటే జీన్స్‌తో కాదు, ఉయ్యాల పాటతో.

కానీ అదే నేలలో ఇంకో మనిషి ఉన్నాడు. యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. ఆయన 1866లో, అంటే కరువుకి పదేళ్ళ ముందే బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పుడు కాలువా లేదు, కూలీ లేదు, వెంట జనమూ లేదు. అంతకుముందే ఆయన రాజయోగం చెప్పే గురువుల దగ్గర చేరి సాధన చేసినవాడు. చదువు లేదు, కులం చూస్తే ఏ గుడి గడపా ఎక్కనివ్వరు. అయినా వెతుకుతూనే ఉన్నాడు. యోగం దొరికితే యోగం, క్రీస్తు దొరికితే క్రీస్తు. నాకు మా తాతకు తాత కంటే ఈయన గురించే ఎక్కువ ఆలోచన. గుంపుతో నడిచినవాడిని అర్థం చేసుకోవడానికి చరిత్ర చాలు. ఒంటరిగా వెతుక్కుంటూ పోయినవాడికి ఆ వెతుకులాట ఎక్కడి నుంచి వచ్చింది?

మా పిల్లలు అడిగేదీ ఇదే, వాళ్ళ భాషలో. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడు ఉంటాడు, యూట్యూబ్‌లో చూసొచ్చి చెయ్యెత్తుతాడు: "మేడమ్, గాడ్ జీన్ నిజమేనా?"

అది అమెరికాలో డీన్ హేమర్ అనే జన్యుశాస్త్రవేత్త 2004లో ఆ పేరుతోనే పుస్తకం రాసి వదిలిన మాట. వీమ్యాట్‌2 అనే జన్యువు ఉంది. మెదడు కణాల్లో డోపమైన్, సెరటోనిన్ లాంటి రసాయనాలని చిన్న చిన్న సంచుల్లోకి ఎక్కించే ప్రోటీన్‌ని అది తయారు చేయిస్తుంది. ఆ జన్యువులో ఒక రకం ఉన్నవాళ్ళు "నన్ను నేను మరిచిపోయి ఏదో పెద్దదానిలో కలిసిపోతాను" లాంటి ప్రశ్నలకి కొంచెం ఎక్కువ మార్కులు వేసుకున్నారని ఆయన లెక్క. టైమ్ పత్రిక కవర్ మీద కూడా వేసింది. కానీ ఆ తేడా చాలా చిన్నది, దాన్ని మామూలుగా తోటి శాస్త్రవేత్తలు పరిశీలించే పత్రికలో ఆయన అచ్చు వేయించనూ లేదు. మనిషి పొడుగు లాంటి సాదా విషయానికే వేల జన్యు తేడాలు కలిస్తే తప్ప లెక్క తేలదు. భక్తికి ఒకటే మీట ఉంటుందా? "లేదురా, కూర్చో" అంటాను.

వాడు కూర్చుంటాడు. నాకే ఊరుకోబుద్ధి కాదు. ఎందుకంటే జీన్ లేదన్నంత మాత్రాన జన్యువులకి సంబంధం లేదని కాదు.

కవలల మీద జరిగిన పనిలో నాకు ఇష్టమైన కథ ఆస్కర్ స్టోర్, జాక్ యూఫ్‌లది. 1933లో ట్రినిడాడ్‌లో పుట్టిన కవలలు. నాన్న యూదుడు, అమ్మ జర్మన్ క్యాథలిక్కు. ఆరు నెలల వయసులో విడిపోయారు. ఆస్కర్‌ని అమ్మ జర్మనీ తీసుకెళ్ళింది, క్యాథలిక్‌గా పెరిగాడు, హిట్లర్ యూత్‌లో చేరాడు. జాక్ నాన్న దగ్గర యూదుడిగా పెరిగి, ఇజ్రాయెల్ వెళ్ళి అక్కడి నేవీలో పనిచేశాడు. ఒకే డీఎన్‌ఏ. ఒకడు ఎవరిని శత్రువనుకుంటూ పెరిగాడో రెండోవాడు వాళ్ళలో ఒకడు. 1954లో మొదటిసారి కలిసినప్పుడు ఇద్దరికీ పొసగలేదు. మిన్నెసోటా యూనివర్సిటీలో థామస్ బుషార్డ్ విడిగా పెరిగిన కవలల మీద 1979లో అధ్యయనం మొదలుపెట్టాక మళ్ళీ కలిశారు. చూస్తే ఇద్దరూ చేతికి రబ్బరు బ్యాండ్లు వేసుకుంటారు. ఇద్దరూ బాత్రూమ్‌లో వాడకముందు ఒకసారి నీళ్ళు వదులుతారు. జనం మధ్య కావాలని గట్టిగా తుమ్మి, ఎవరు ఉలిక్కిపడతారో చూస్తారు.

దేవుడు వేరు, దేశం వేరు, తుమ్ము ఒకటే. మా క్లాసులో దీనికి నవ్వనివాడు లేడు.

ఇట్లాంటి కథలు చెప్పుకోవడానికి బావుంటాయి, రుజువు కావు. కలవని అలవాట్లు వంద ఉంటాయి, వాటిని ఎవరూ కథలు చెప్పరు. రుజువు కావాలంటే లెక్కలు చూడాలి. 1990లో అదే బృందం విడిగా పెరిగిన కవలలని, కలిసి పెరిగిన కవలలని పోల్చి, మతం మీద ఆసక్తిలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు సగం జన్యువులతో ముడిపడి ఉందని రాసింది. ఇక్కడే అందరూ జారిపడతారు. "నా భక్తిలో సగం జీన్స్" అని దాని అర్థం కాదు. ఒక గుంపులో మనుషుల మధ్య ఉన్న తేడాకి వేసిన లెక్క అది. ఒక్క మనిషిని కోసి, ఇది అమ్మది, ఇది చర్చిది అని పంచడం కుదరదు.

ఇంకోటి. ఏ చర్చి, ఏ మతం అన్నదానికి వస్తే కథ మొత్తం తిరగబడుతుంది. ఆస్ట్రేలియాలో, అమెరికాలోని వర్జీనియాలో కవలల మీద చూసినప్పుడు ఫలానా శాఖకి చెందడంలో జన్యువుల పాత్ర దాదాపు కనపడలేదు. అది ఇంట్లోంచి వచ్చేదే. అంటే ఎవరి ముందు మోకరిల్లుతావు అన్నది ఇల్లు నేర్పుతుంది. ఎంతసేపు మోకరిల్లగలవు అన్నదానిలో రక్తానికి కాస్త మాట ఉంది.

ఒంగోలు గిత్త ఉంది కదా, దానితో చెప్తే మా పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. మన గిత్తల సంతతి బ్రెజిల్‌లో కోట్లలో ఉంది. అక్కడ వాటిని నెలోర్ అంటారు. అదే మూపురం, అదే తెలుపు, ఎండకి అదే ఓర్పు. ఇక్కడ అవి దుక్కి దున్నాయి, సంక్రాంతికి బండలాగుడు పోటీల్లో గెలిచి పసుపు కుంకుమలు పెట్టించుకుంటాయి. అక్కడ వాటిని మాంసానికి పెంచుతారు. గిత్త మారలేదు. దాన్ని ఏం చేయాలో అనుకునే మనుషులు మారారు.

సరే, మా సంగతికొద్దాం. జన్యువులు ఒకటి, ఇల్లు ఒకటి, మా అమ్మ ఒకే తానులో రెండు గౌన్లు కుట్టించేది. సండే స్కూల్లో పక్కపక్కనే కూర్చుని వాక్యాలు అప్పజెప్పాం. మరి ఎక్కడ విడిపోయాం?

2005లో మిన్నెసోటా వాళ్ళు ముప్ఫైల్లో ఉన్న మగ కవలల మీద ఇంకో లెక్క వేశారు. చిన్నప్పుడు ఎంత మతంగా ఉండేవారో గుర్తు చేసుకుని చెప్పమని, ఇప్పుడు ఎలా ఉన్నారో చెప్పమని అడిగారు. ఇంట్లో ఉన్నప్పటి తేడాల్లో జన్యువుల వాటా 12 శాతం, ఇంటి వాటా 56. పెద్దయ్యాక జన్యువులవి 44కి పెరిగి, ఇంటిది 18కి పడిపోయింది. ఇంట్లో ఉన్నంతకాలం నాన్న లేపితే లేచి చర్చికి పోతాం. ఇల్లు దాటాక ఎవరి స్వభావం వాళ్ళది.

ఆ పెద్దవాళ్ళ లెక్కలో 44, 18 పోగా 38 మిగిలాయి చూశారా. అది జన్యువులదీ కాదు, ఇంటిదీ కాదు. అడిగేదాంట్లో, గుర్తుపెట్టుకునేదాంట్లో తప్పులు కొన్ని, మిగతాది ఒక్కొక్కరికి విడిగా జరిగినవి. ఒకే పోలిక కవలల మధ్య తేడా ఏదున్నా అందులోంచే రావాలి. మా అక్కా నేనూ కాపురం చేసేది ఆ 38లోనే.

మా విషయంలో దాని పేరు టైఫాయిడ్. 1991 వేసవి, పదో తరగతి ఫలితాలు వచ్చాక. ఇద్దరికీ గుంటూరులో హాస్టల్ సీట్లు వచ్చాయి. అక్కకి జ్వరం పట్టుకుంది, తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. నేను ట్రంకుపెట్టె పట్టుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను. అక్క ఇంటి దగ్గర మంచంలో ఉండిపోయింది. పాస్టరుగారి భార్య రోజూ సాయంత్రం గ్లాసులో సగ్గుబియ్యం జావ తెచ్చి, అక్క తల ఒళ్ళో పెట్టుకుని పాటలు పాడేదట. రెండు నెలలు. అదే రెండు నెలలు నేను హాస్టల్లో కప్పని కోసి, దాని గుండె బయట కూడా కాసేపు కొట్టుకోవడం చూసి, రాత్రంతా నిద్రపోలేదు. మళ్ళీ కలిసేసరికి అక్కకి ఒక సాక్ష్యం ఉంది, నాకు ఒక ప్రశ్న ఉంది. ఆ జ్వరం నాకు వచ్చుంటే? అక్క దీన్ని దేవుడి ప్రణాళిక అంటుంది. నేను కలుషితమైన నీళ్ళు అంటాను. ఇద్దరం ఆ జావ గ్లాసు గురించే మాట్లాడుతున్నాం.

అమెరికా మగవాళ్ళ లెక్క మన ఆడవాళ్ళకి తగిలించడానికి మాత్రం నాకు మనసొప్పదు. వాళ్ళు పద్దెనిమిది దాటాక ఇల్లు వదిలి ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. మన ఆడపిల్ల నాన్న చర్చిలోంచి అత్తగారి చర్చిలోకి పోతుంది. ఆమె స్వభావం బయటికి రావడానికి మధ్యలో సందెక్కడ? అక్కని 1997లో చీరాల దగ్గర పెంతెకోస్తు వాళ్ళింట్లో ఇచ్చారు. మేం బాప్టిస్టులం, పూలు పెట్టుకుంటాం, గాజులు వేసుకుంటాం. వాళ్ళు పెట్టుకోరు. మొదటి ఆదివారమే అత్తగారు పళ్ళెం పట్టుకుని నిలబడిందట. అక్క గొలుసు, కమ్మలు, గాజులు, ఒక్కొక్కటి తీసి అందులో పెట్టింది. పెళ్ళయి పన్నెండు రోజులు. ఆ సంగతి తెలిసి మా అమ్మ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేను హిందువుని చేసుకున్నాను. మా అత్తగారు దేవుడి గది తాళం చేతికిచ్చి, దీపం పెట్టమంది. రోజూ పెడతాను. నాకు నమ్మకం లేదని ఆవిడకి తెలుసు. ఆవిడకి కావల్సింది దీపం.

అత్తగారు చనిపోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు అక్కని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. బావగారే "కావాలంటే గొలుసు వేసుకో" అన్నాడట. వేసుకోలేదు. పైగా శుక్రవారం ఉపవాసం కొత్తగా మొదలుపెట్టింది. కాబట్టి అత్తగారి వల్ల అని కొట్టిపారేయడానికీ లేదు.

కాగితాల గొడవ ఇంకోటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకి ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సీలో వేస్తారు. మా నాన్న ఉన్నదున్నట్టు రాయించాడు. మాకు బీసీ-సీ. మా బంధువుల్లో కొంతమందికి సర్టిఫికెట్లో ఒక మతం, ఆదివారం ఇంకో మతం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతం. ఆ అంకె చూసి మా పేటలో నవ్వుకుంటారు. మన దేశంలో నమ్మకం మీద సర్వే చేసేవాళ్ళు ముందు ఇది తేల్చుకోవాలి: మనిషి నిజం చెప్తే ఏం పోగొట్టుకుంటాడు?

ఇల్లు దేవుణ్ణే కాదు, దేవుడు లేడన్న మాటనీ నేర్పగలదు. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారిల్లు చూడండి. ఆయన బోటనీ లెక్చరర్, దేవుడు లేడన్నందుకు కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. పిల్లలకి లవణం, విజయం, సమరం, తొమ్మిదో సంతానానికి నౌ అని పేర్లు పెట్టాడు. పిల్లలు కూడా ఆ దారిలోనే నడిచి ఆ కేంద్రాన్ని నడిపారు. జాషువా గారి అమ్మాయి హేమలత ఆ ఇంటికి కోడలై వెళ్ళింది. భక్తుల ఇళ్ళలో తాత బైబిలు మనవడికి అందినట్టే అక్కడ ప్రశ్న అందింది. నాస్తికులకి ఈ పోలిక నచ్చదని తెలుసు. నేనూ వాళ్ళ పక్షమే, అయినా అంటాను.

ఇప్పుడు అంకమ్మ కొలుపుల సంగతి.

మా తాతకు తాత అన్న వంశంలో ఒక పెద్దమ్మ ఉంది, వరసకి. అంకమ్మ పూనేది ఆమెకే. చిన్నప్పుడు మా ఇంటి గోడెక్కి చూసేవాళ్ళం, ఇంట్లో తెలిస్తే తిట్లు. డప్పులు ఊపందుకోగానే ఆమె కుడి భుజం మొదట ఒక్కటే పైకి లేచేది, చెవికి తగిలేంత. తర్వాత తల ఎడమ పక్కకి మూడుసార్లు. ఆ తర్వాత ఒళ్ళంతా. వేపమండలు విదిలిస్తే ఆకులు వచ్చి మా మీద పడేవి.

2003లో మొదటిసారి అక్క వాళ్ళ ఆరాధనకి వెళ్ళాను, వాళ్ళ బాబు ప్రతిష్ఠకి, అంటే పసివాణ్ణి దేవుడికి అప్పగించే ప్రార్థనకి. డ్రమ్స్, కీబోర్డు, పాట జోరెక్కింది. అక్క ముసుగు జారింది. అన్యభాషల్లో, అంటే ఆత్మ పలికిస్తుందని వాళ్ళు నమ్మే, మనకి అర్థం కాని మాటల్లో, మొదలుపెట్టింది. కుడి భుజం చెవి దాకా లేచింది. తల ఎడమకి మూడుసార్లు.

నాకు ఒళ్ళు జలదరించింది. రక్తం అనుకున్నాను. నూట పాతికేళ్ళ కింద విడిపోయిన వంశం, రెండు మతాలు, ఒకటే భుజం! ఇంటికొచ్చి కాగితం మీద వంశవృక్షం గీశాను. ఆ పెద్దమ్మకీ మాకూ ఉమ్మడిగా ఉండే జన్యువులు సగటున అర శాతం కూడా రాలేదు. మధ్యలో మేనరికాలు జరిగాయనుకున్నా పెద్దగా పెరగదు. వీధిలో పోయే మనిషితో ఉండే పోలిక కంటే ఏమంత ఎక్కువ కాదు. అందమైన సిద్ధాంతం, ఒక్క కూడికకి నిలవలేదు. మరి భుజం? గోడ మీద కూర్చుని చూసింది ఇద్దరం కదా. ఏడేళ్ళ పిల్ల, దేవుడు మనిషిలోకి ఎలా వస్తాడో అక్కడ చూసింది. ఇరవై ఏళ్ళ తర్వాత తన దేవుడు వచ్చినప్పుడు ఒంటికి తెలిసిన దారి అదొక్కటే. నాన్న ఆ గోడ మీద నుంచి చెవి పట్టుకుని దించడం దండగైంది. ఈ మాట అక్కకి ఇంతవరకు చెప్పలేదు. చెప్తే బాధపడుతుంది.

రక్తం అనుకున్నది అలా గోడ మీద నేర్చుకున్నదని తేలింది. దీనికి ఎదురుది ఒకటుంది.

నాకు వాన కొలిచే పిచ్చి ఉంది. 2006లో ఓగ్ని తుపాను వచ్చిపోయాక ఒక వర్షమాపకం కొని డాబా మీద పెట్టాను. రోజూ ఉదయం ఆరింటికి చూసి నోటుబుక్కులో రాస్తాను. వాతావరణ శాఖ వాళ్ళు ఎనిమిదిన్నరకి చూస్తారు, నాకు ఆ టైముకి ఫస్ట్ పీరియడ్ ఉంటుంది. మిచౌంగ్ తుపాను రోజు డబ్బా రెండుసార్లు వంపాను. ఊరెళ్తే మా ఆయన చూసి చెప్పాలి. ఒకసారి మర్చిపోతే రెండు రోజులు మాట్లాడలేదు. వాన కొలవమని నాకు ఎవరూ నేర్పలేదు, ఎవరికీ దానితో పని లేదు.

మొన్న ఫిబ్రవరిలో ఒంగోలు పెళ్ళి అయ్యాక ఆ రాత్రి అక్క వాళ్ళింటికి చీరాల వెళ్ళాను. నాలుగున్నరకి మెలకువ వచ్చింది, నాకు రోజూ అంతే. వంటింట్లో లైటు వెలుగుతోంది. అక్క కింద చాప మీద కూర్చుని నోటుబుక్కు ముందేసుకుని ఉంది. రెండొందల పేజీల లాంగ్ నోట్స్, అంచుకి స్కేలుతో గీత. వరస నంబర్లు, పేర్లు, పక్కన తేదీ, కష్టం ఏమిటో రెండు మాటల్లో: కిడ్నీలో రాయి, కోర్టు కేసు, కొడుకు తాగుడు. ప్రార్థన ఫలిస్తే ఎర్ర పెన్నుతో టిక్. బల్ల మీద అట్టలు వేసిన పాతవి పదహారు. నా వాన పుస్తకాలకి కూడా నేను స్కేలుతోనే గీత కొడతాను. వరస నంబర్లు నీలం, వాన పడితే ఎరుపు. ఇద్దరివీ పక్కపక్కన పెడితే ఏది ఎవరి రాతో మా నాన్న బతికుంటే ఆయనా చెప్పలేడు.

రోజూ ఒకే వేళకి ఒకే పని చేయకపోతే ఒళ్ళు ఊరుకోని తనం. దానికి జన్యువు ఏదో నాకు తెలియదు. మా ఇద్దరిలో మాత్రం ఉంది. ఆస్కర్, జాక్ చేతికి రబ్బరు బ్యాండు లాగా.

పేజీలు తిప్పుతుంటే గమనించాను. ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీ, నంబరు ఒకటి: "చెల్లి." కష్టం ఏమిటో రాయలేదు. పదిహేడు పుస్తకాలు, ఒక్కదాంట్లోనూ టిక్ లేదు.

"ఇన్నేళ్ళలో ఒక్క టిక్ కూడా పడలేదు గదే. కొట్టేయొచ్చుగా?" అన్నాను.

అక్క తలెత్తలేదు. పెన్ను మూత పెడుతూ అంది. "వాన పడని రోజు నువ్వు ఆ గడి వదిలేస్తావా? సున్నా రాస్తావు గదా."

ఆరయింది. మా ఆయనకి ఫోన్ చేసి డాబా మీదికెళ్ళి డబ్బా చూడమన్నాను. ఫిబ్రవరిలో ఏం వానే అని విసుక్కుంటూ ఎక్కాడు. ఏమీ లేదన్నాడు. అక్కని పెన్ను అడిగి, చెయ్యి మీద రాసుకున్నాను.